నా గుమ్మం దాటిపోయిన కేకులు

మా ఎడారి మకాంలో మరమ్మతుకి డబ్బు పుచ్చుకోవడం మర్యాద కాదు. కుళాయి బాగుచేస్తే ఓ కేకు, జనరేటరు బాగుచేస్తే రెండు. ఇరవై రెండు చలికాలాలుగా అరిజోనాలో ఈ గులకరాళ్ల మీద, వంటిల్లూ మంచమూ అన్నీ ఉన్న మా ఇంటిబండి ఆపుకుంటున్నాం. ఇన్నేళ్లూ ఆ కేకులన్నీ నా గుమ్మంలోకే వచ్చాయి. రావూ మరి? ఫ్యాను బెల్టు తెగిన బస్సుకి గిలక్కాయ పామును చుట్టి యూమా ఊరి దాకా నడిపించినవాణ్ణి. దిగేటప్పుడు పాము కళ్లు తిరుగుతున్నాయంది గానీ, బస్సు మాత్రం ఎక్కడా ఆగలేదు. నమ్మనివాళ్లు పామునే అడగొచ్చు.

ఈ డిసెంబరులో డ్వేన్ అనేవాడు దిగాడు. మిన్నెసోటా వాడు, నాకంటే ఆరేళ్లు చిన్న, అంటే డెబ్భై. పానాలు సైజు ప్రకారం వరసగా తగిలించుకుంటాడు. పనిచేస్తున్నంతసేపూ నోరు విప్పడు. నోరు విప్పని మెకానిక్కుని జనం ఎలా నమ్ముతారో నాకిప్పటికీ అర్థం కాదు. అయినా నమ్మారు. మూడో వారానికే మా పొరుగు బండి బెర్నడీన్ నిమ్మకేకు పట్టుకుని, నా గుమ్మం ముందునుంచే వాడి బండికేసి నడిచింది.

“దారి తప్పావా బెర్నడీనూ?” అన్నాను.

“లేదు లైల్ అన్నా, మా హీటరు బాగుచేశాడు. నీకు పని చెబితే నీ కథ మొత్తం విన్నాక గానీ హీటరు వెలగదు కదా!”

కేకు వాడికి పోయింది, వాసన నాకు మిగిలింది.

సరిగ్గా అప్పుడే నా బండికి కుంటు వచ్చింది. ముప్ఫై ఏళ్ల బండి. అడుగున నాలుగు హైడ్రాలిక్ జాకీలుంటాయి. మీట నొక్కితే పంపు నూనెను తోస్తుంది, నాలుగు కాళ్లూ దిగి బండిని సమంగా నిలబెడతాయి. ఓ పొద్దున చూస్తే పంపు కింద ఎర్ర నూనె మరక. లోపల గుడ్డు బల్ల మీదనుంచి దొర్లి మా ఆవిడ మార్వా ఒళ్లో పగిలింది.

“డ్వేన్‌ని పిలవనా?” అంది.

“వాడు గనక నా బండి కింద దూరాడా, రేపటినుంచి డబ్బా మూత తియ్యడానిక్కూడా నా దగ్గరికి ఎవరూ రారు.”

“ఇప్పుడు మాత్రం వస్తున్నారేంటయ్యా?” నలభై తొమ్మిదేళ్ల కాపురం, ఎక్కడ గుచ్చాలో తెలుసు. “బండి ఒరిగితే ఫ్రిజ్ పనిచెయ్యదు. శనివారం దాకా చూస్తా. తర్వాత నేనే పిలుస్తా.”

మరక మీద గోనెపట్టా కప్పేశాను. బండి కింద దిమ్మలు పెట్టి పంపు ఊడదీశాను. మోటారుకీ పంపుకీ మధ్యనున్న రబ్బరు సీలు ఎండిపోయి, వేలితో నొక్కితే బిస్కెట్టులా విరిగింది. ఊళ్లో కొట్టుకెళ్లి అలాంటిదే తెచ్చి, అంచుకి నూనె రాసి, వంకర పోకుండా కూర్చోబెట్టాను. డ్వేన్ అయితే ఒక్కసారికే కూర్చోబెడతాడని గుర్తొచ్చి, ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టాను. శుక్రవారానికి మీట నొక్కితే బండి లేచి నించుంది. చుక్క కారలేదు.

ఇక కారిపోయిన నూనె పొయ్యడమే తరువాయి. కాళ్లు పైకి ముడిచాకే పొయ్యాలని పంపుకి బిగించి ఉండే నూనె డబ్బా మూత మీద రాసే ఉంటుంది. కాళ్లు దిగి ఉన్నప్పుడు నూనె వాటిలో ఉంటుంది, డబ్బా ఖాళీగా కనబడి మోసం చేస్తుంది. ఈ మాట ఈ మకాంలో వందమందికి నేనే చెప్పాను. కాళ్లు ముడుద్దామని మీట మీద చెయ్యి వేశానో లేదో, కాఫీ కప్పుతో డ్వేన్ ఇటే వస్తున్నాడు. పంపు బయటపెట్టుకుని వాడి కంట పడతానా! గబగబా డబ్బా నిండా పోసేసి, మూత పెట్టి, పంపు గూటి తలుపు మూసేశాను.

“ఏం లైల్ అన్నా, సాయం కావాలా?”

“నీకేమైనా కావాలేమోనని నేనే వద్దామనుకుంటున్నా.”

వాడు నా ఎర్ర చేతులు చూశాడు, మూసిన తలుపు చూశాడు. “సరే అన్నా,” అని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున మురుగునీళ్లు పారబోయడానికి మేమంతా బండ్లు కదుపుతాం. పంపు తలుపు బార్లా తెరిచి కేకేశాను. “రండి రండి, ముప్ఫై ఏళ్ల పంపు, పెళ్లికొడుకులా ఉంది చూడండి!” బెర్నడీన్ వచ్చింది, ఇంకో పదిమంది వచ్చారు. డ్వేన్ కూడా వచ్చాడు. వాడు రావాలనే కదా కేకేసింది.

మీట నొక్కాను. కాళ్లు ముడుచుకున్నాయి. వాటిలోని నూనె డబ్బాలోకి తిరిగొచ్చింది. నిండు డబ్బాలో చోటేది? మూత పక్కనుంచి ఎర్రగా పొంగి, పంపు మీదుగా జారి నా బూట్లలోకి దిగింది.

“అయ్యో, పంపు పగిలింది!” అంది బెర్నడీన్.

“ఇక పిలవనా?” అంది మార్వా కిటికీలోంచి.

డ్వేన్ మోకాళ్ల మీద కూర్చుని పంపుని గుడ్డతో తుడిచాడు. సీలు చూశాడు, మూత చూశాడు, నన్ను చూశాడు. వాడికి అర్థమైపోయింది. లేచి అందరికీ వినబడేలా, “సీలు దగ్గర చుక్క లేదు. ఇంత పాత పంపుకి ఇంత చక్కగా వెయ్యడం నావల్ల కాదు. మూత వదులైనట్టుంది, అంతే,” అన్నాడు.

అదిగో, అక్కడ మండింది నాకు. పానాలు వాడివి, కేకులు వాడివి, ఆఖరికి పెద్దమనిషితనం కూడా వాడిదేనా? ఊరుకున్నానంటే ఇక బతికినన్నాళ్లూ వాడి దయ మీద మెకానిక్కుని.

“మూతకేం రోగం లేదు,” అన్నాను. “కాళ్లు దించి ఉండగా నూనె పోశాను.”

“నువ్వా!” బెర్నడీన్ నోరు తెరిచింది. “ఆ పనికే కదన్నా మా ఆయన్ని గంటసేపు తిట్టావు!”

“వీడు కాఫీ కప్పుతో వచ్చాడు. చూస్తాడని తొందరపడ్డా.”

“నేనేం చూస్తాననీ?” అన్నాడు డ్వేన్.

“నా బండి కూడా కారుతుందని.”

పదిమందీ పగలబడి నవ్వారు. డ్వేన్ నవ్వలేదు. “పోయినేడు నేనూ ఇలాగే పోశాను. చూసేవాళ్లెవరూ లేకపోయినా,” అన్నాడు. చూశారా, తప్పులో కూడా నాకంటే ఏడాది ముందున్నాడు!

ఎర్రబడిన గులకంతా పారతో బకెట్టుకెత్తేసరికి సాయంత్రమైంది. కాళ్లు ఇంకా దించనే లేదు, ఒరిగిన బండిలోనే మార్వా కేకు కాల్చింది. ఓ పక్క జానెడు, ఓ పక్క వేలెడు.

“డ్వేన్‌కి ఇచ్చిరా. చూసిపెట్టాడుగా.”

“చూశాడంతే! పానా ముట్టలేదు!”

“అందుకే రెండు కాల్చలేదు. నడు.”

దారిలో బెర్నడీన్ తన బండి గుమ్మంలోనే కూర్చుని ఉంది. “దారి తప్పావా అన్నా?” అంది.

డ్వేన్ బల్ల మీద పళ్లెం పెట్టి, పలచటి పక్క వాడివైపుకి తిప్పాను. వాడు కత్తి తీశాడు. కేకు చూశాడు, నన్ను చూశాడు, పళ్లెం అటునుంచి ఇటు తిప్పి, మందపాటి పక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

వాడు నాకు కాస్త నచ్చింది అప్పుడే. కుర్చీ లాక్కుని కూర్చుని, గిలక్కాయ పాము కథ మొదలుపెట్టాను.