అల్లుడి నోట రాని డైలాగు

మా అల్లుడికి నాటకాలంటే ప్రాణం. ఈసారి వాళ్ళ ఆఫీసువాళ్ళు వేసింది అందరికీ తెలిసిన పాత నాటకమే. మొగుడి సూటిపోటి మాటలు పడలేక భార్య పెట్టె సర్దుకుంటుంది. ఆఖర్న మొగుడు "తప్పు నాదే, క్షమించు" అంటాడు. ఆమె "ఆలస్యమైంది" అని గుమ్మం దాటుతుంది. అంతే, తెర.

ఆట రేపనగా భార్య వేషం వేసే టైపిస్టు గొంతు పోయింది. "నాకు వచ్చు" అంది మా అమ్మాయి. రాకేం? ఇన్నాళ్ళూ ఇంట్లో పుస్తకం పట్టుకుని ఈ మహానుభావుడికి మాటలందించింది తనేగా. ఆయన అన్నీ చెప్పేవాడు, ఆ ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం "అది స్టేజీ మీద చెప్తాలే" అని లేచిపోయేవాడు. వాన పడినా పెళ్ళాందే తప్పనే మనిషి మరి!

జడ వేస్తుంటే అమ్మాయి నాతో అంది: "నాటకంలోనైనా ఆ మాట ఆయన నోట ఒక్కసారి విందామనే ఒప్పుకున్నానమ్మా."

ఆట మొదలైంది. తిట్లన్నీ అల్లుడు తడుముకోకుండా తిట్టాడు.

"ఎంత సహజంగా చేస్తున్నాడండీ!" అని నా పక్కనావిడ మురిసిపోయింది.

"ఇంట్లో బాగా సాధన చేస్తాడమ్మా" అన్నాను.

ఆఖరి ఘట్టం వచ్చింది. అమ్మాయి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అల్లుడు దగ్గాడు. కోటు సర్దుకున్నాడు. "సరే, వెళ్ళు" అన్నాడు. నాటకంలో లేని మాట అది.

తెర పక్కనుంచి ప్రాంప్టరు "తప్పు నాదే" అని అందించాడు. మళ్ళీ అందించాడు. చివరికి వెనక వరుసవాళ్ళకి కూడా వినపడింది, మా అల్లుడికి తప్ప.

"వెళ్ళమన్నానుగా!" అని పళ్ళు నూరాడు.

"మీరు చెప్పాల్సింది ఇంకా ఉందండీ" అంటూ అమ్మాయి పెట్టె కింద పెట్టి, దానిమీదే కూర్చుంది.

హాలంతా గొల్లుమంది. "చెప్పవయ్యా బాబూ, మేం ఇళ్ళకి పోవద్దా!" అని ఎవరో అరిచారు. ముందు వరుసలో వాళ్ళ పై ఆఫీసరు కూడా కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తప్పు... నాదే" అని గొణిగాడు.

"ఎవరిదీ?"

"నాదేనే! నాదే! క్షమించు!"

అమ్మాయి తీరిగ్గా లేచి, పెట్టె అందుకుని, "ఆలస్యమైంది" అని గుమ్మం దాటింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ఆ చప్పట్లకి అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. తెర వెనక కనిపించినవాడికల్లా చెయ్యి కలిపి, "అంతసేపు ఆగడం నా సొంత ఐడియా" అని చెబుతున్నాడు.

"చూశారా అత్తయ్యా, నటనంటే అదీ!"

"చూశాను బాబూ. నీ అవస్థ పగవాడిక్కూడా వద్దు" అన్నాను.

డైరెక్టరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "వచ్చే నెల మళ్ళీ ఆట ఉంది సార్. ఆ డైలాగు మాత్రం గొంతుకి అడ్డం పడకూడదు."

"పడదులెండి" అంది మా అమ్మాయి. "రేపట్నించి రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి నేను చెప్పిస్తాను."