ఫొటోలో పడ్డ రేవు బోర్డు

మెడలో కెమెరా, భుజాన సంచిలో రెండు లెన్సులు, బుర్ర నిండా యూట్యూబు బోధలు వేసుకుని హేమంత్ ఆ ఉదయం సఖినేటిపల్లి రేవుకి వచ్చాడు. అమలాపురంలో పెళ్ళి ఫొటోలు తీసి తీసి విసుగెత్తిపోయిన మనిషి. "గడ్డం కొంచెం పైకండి, నవ్వండి" అని వధూవరుల్ని బతిమాలే పని నుంచి ఒక్కపూట సెలవు తీసుకుని, వీధిలో మనుషుల్ని ఉన్నదున్నట్టు తీద్దామని ఆశపడ్డాడు. దానికి లెన్సు ఎంచుకోవాలి. పాత కెమెరాలమ్మే సాల్మన్ రెండూ చేతికిచ్చి, "వాడి చూస్కోండి. నచ్చింది ఉంచుకుని రెండోది సాయంత్రం తెచ్చియ్యండి" అన్నాడు.

ఒకటి జూమ్, మోచెయ్యంత పొడుగు. రోడ్డుకి అవతల నిలబడి ఇవతల మనిషిని తీసుకోవచ్చు. మనిషి తప్ప వెనకున్నదంతా మసకైపోతుంది. రెండోది థర్టీఫైవ్, అరచేతిలో ఇమిడిపోతుంది. దాంతో తీయాలంటే మనిషికి బాగా దగ్గరికెళ్ళాలి. మనిషితోపాటు వెనకున్న కొట్టూ, గోడా, బోర్డూ అన్నీ అక్షరం పొల్లుపోకుండా పడతాయి. అసలైన వీధి ఫొటోకి థర్టీఫైవే లెన్సని యూట్యూబు పెద్దమనుషులందరూ ఒట్టేసి చెప్తున్నారు. హేమంత్‌కేమో పరాయి మనిషి దగ్గరికెళ్ళాలంటే చెమటలు పడతాయి.

అందుకే ముందు జూమ్ తగిలించాడు. ఫొటో తీయబోయేసరికి టీకొట్టాయన పలకరించాడు. "రొయ్యల చెరువుల తనిఖీకొచ్చేరాండీ? ఏ ఆఫీసండీ?" చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు తిప్పేసుకున్నారు. అంత పొడుగు గొట్టం పెట్టుకుని వచ్చినవాణ్ణి ఈ తీరంలో ఇంకేమనుకుంటారు! హేమంత్ సిగ్గుపడి, జూమ్ సంచిలో కుక్కి, థర్టీఫైవ్ బిగించుకుని గోదావరి దాటించే పంటెక్కాడు.

పంటు నరసాపురం వైపు కదిలింది. మోటారుసైకిళ్ళ మధ్య, ఇనప కమ్మీని పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పట్టుచీర, కాళ్ళకి పారాణి, చేతిలో మాత్రం మాసిన గుడ్డసంచి. గోదావరి గాలికి తలమీది కొంగు ఎగిరింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. హేమంత్ ఊపిరి బిగబట్టి ఎదురుగా వెళ్ళి నొక్కేశాడు.

తెర మీద చూసుకుంటే ఒళ్ళు జలదరించింది. ఆ పట్టుచీర, ఆ కన్ను, వెనక దూరమవుతున్న ఒడ్డు, ఒడ్డు మీద 'సఖినేటిపల్లి రేవు' అన్న బోర్డు. ఇన్నేళ్ళలో ఇలాంటి ఫొటో తీయలేదు తను.

"మీరు నిన్న అల్లవరం పెళ్ళిలో ఫొటోలు తీసినాయన కదండీ?" అందావిడ. "నేను పెళ్ళికొడుకు వదిన్నండి, సత్యవేణిని. దణ్ణం పెడతాను, ఆ ఫొటో చెరిపెయ్యండి. నేనిక్కడున్నట్టు మా ఆయనకి తెలిస్తే నన్ను బతకనివ్వరు."

హేమంత్‌కి ప్రాణం ఉసూరుమంది. అయినా ఆమె చూస్తుండగానే చెరిపేసి, ఖాళీ తెర చూపించాడు. ఆమె కళ్ళొత్తుకుంది. నరసాపురంలో రైలెక్కితే హైదరాబాదులో చదువుకున్ననాటి స్నేహితురాలు ఉందని, ఏదో పని చూస్తానందని చెప్పింది.

అప్పుడు హేమంత్ జేబులో ఫోన్ గుర్రుమంది. తీసి చూస్తే 'ఫొటో చేరింది' అని ఉంది.

పెళ్ళికి రాలేకపోయిన గల్ఫు చుట్టాల కోసం ఇప్పుడు ప్రతి పెళ్ళికీ లైవ్ ఆల్బమ్ పెడుతున్నారు. ఇక్కడ కెమెరా నొక్కితే చాలు, ఫోన్లోంచి తిన్నగా ఆల్బమ్‌లో పడుతుంది. మస్కట్‌లో ఉన్న మేనమామా, కువైట్‌లో ఉన్న పిన్నీ డ్యూటీలో ఉండే చూసేస్తారు. ఇవాళ వరుడింట్లో వ్రతానికి స్టూడియో నుంచి ఇంకొకరు వెళ్ళారు, అందుకని ఆల్బమ్ మూయలేదు. కెమెరాకీ ఫోనుకీ ఉన్న లంకె తెంపడం ఈ మహానుభావుడు మర్చిపోయాడు. కెమెరాలో చెరిపితే ఏం లాభం!

స్టూడియోలో ఆల్బమ్ చూసుకునే అనురాధకి ఫోన్ చేసి ఆ ఫొటో తీసెయ్యమన్నాడు.

"తీసేసేనండి హేమంత్‌గారూ. కానీ ఆవిడ భర్త బంగారరాజుగారు అప్పటికే చూసేరు. 'పంటు మీద ఏం చేస్తోంది?' అని పెళ్ళివాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడుగుతున్నారు. ఏమైందండీ?"

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఒడ్డు రాగానే ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. ఆమెకి ఎప్పటికీ తెలియదు, లేదా తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు హేమంత్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. దగ్గరికెళ్ళి ఉన్నదంతా చెప్పేశాడు.

సత్యవేణి కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆయన రావడం దాకా ఎందుకండీ. నరసాపురంలో ఆయన స్నేహితులున్నారు. ఒక్క ఫోన్ చేస్తే స్టేషన్లో కూర్చుంటారు."

"తప్పయిపోయిందండి" అన్నాడు హేమంత్. ఆ మాటకి విలువేముందో తనకీ తెలుసు.

ఆమె నీళ్ళకేసి తిరిగి నిలబడింది. ఒడ్డు దగ్గరపడుతుండగా ఇటు తిరిగింది. "ఇంకో ఫొటో కూడా అలాగే వెళ్తుందాండీ?"

"ఆయ్, వెళ్తుందండి."

"మొగల్తూరులో మా పెద్దమ్మ ఉంది. అక్కడికెళ్ళేనంటే ఆయన నమ్ముతారు."

నరసాపురం బస్టాండులో మొగల్తూరు బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. సత్యవేణి మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని నిలబడింది. హేమంత్ దగ్గరికెళ్ళాడు. బస్సు బోర్డు మీద ఊరిపేరు పూర్తిగా పడాలి, మొహం గుర్తుపట్టేలా ఉండాలి, ఫొటో తీస్తున్నట్టు ఆమెకి తెలియనట్టుండాలి. జూమ్‌తో అయితే ఊరిపేరు మసకైపోయేది.

"అటు చూడండి. సంచి కొంచెం పైకండి" అన్నాడు. నొక్కాడు. ఫోన్ గుర్రుమంది. "ఇది తియ్యొద్దు, ఉండనియ్యండి" అని అనురాధకి చెప్పాడు.

సత్యవేణి బస్సు ముందు తలుపులోంచి ఎక్కి, కండక్టరు తిడుతుంటే వెనక తలుపులోంచి దిగిపోయింది. కొంగు నిండా కప్పుకుని, ఆటో ఎక్కి స్టేషన్ వైపు వెళ్ళిపోయింది. బస్సూ కదిలిపోయింది.

అయిదు నిమిషాలైనా కాకుండానే కొత్త నెంబరు నుంచి ఫోనొచ్చింది.

"హేమంత్‌గారాండీ? బంగారరాజునండి. పెళ్ళికొడుకు అన్నయ్యని." గొంతు వెన్నలా ఉంది. "మా ఆవిడ చెప్పకుండా వెళ్ళిపోయిందండి. ఇంట్లో అందరం కంగారుపడుతున్నాం. బస్సు ఎక్కిందాండీ, ఊరికే నిలబడిందాండీ?"

"ఎక్కేరండి. బస్సు కదిలేదాకా నేనిక్కడే ఉన్నాను."

"కిటికీ పక్కన కూర్చుందా?"

"లేదండి, ఖాళీ లేదు. నిలబడే వెళ్ళేరు."

"మీ ఫొటోలు చాలా స్పష్టంగా ఉంటాయండి" అన్నాడు బంగారరాజు. "మావాళ్ళు ఇద్దరు అక్కడికే వస్తున్నారు. ఓసారి మాట్లాడతారు. మీరు కదలకండేం."

ఫోన్ పెట్టేశాడు. కూర్చున్న బెంచీ మీంచి లేవబోయి హేమంత్ ఆగిపోయాడు. పారిపోతే అబద్ధమని తెలిసిపోతుంది. వాళ్ళు ఇటునుంచి ఇటే స్టేషనుకి వెళ్తారు. రైలు కదిలే వేళ ఇంకా కాలేదు.

బస్టాండు గేట్లోకి ఒక మోటారుసైకిలు తిరిగింది. ఇద్దరున్నారు, అటూ ఇటూ వెతుకుతున్నారు. హేమంత్ లేచి, చెయ్యెత్తి, "ఇటండీ" అని పిలిచి వాళ్ళకి ఎదురెళ్ళాడు.