అన్నెగ్రెట్ సీటు

ఆ వీధిలో ఏ కారు ఎవరిదో చెప్పడం దేవుడి తరం కూడా కాదు. అన్నీ ఒకే ఫ్యాక్టరీవి, అన్నీ ఒకే రకం, వాటిలో మూడొంతులు బూడిద రంగువి. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకీ, చేసి రిటైరైనవాళ్ళకీ ఏడాదికో కొత్త కారు అద్దెకిస్తారు. ఏడాది తిరిగేసరికి అది ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకోవాలి. ఏటేటా మారిపోయే నంబర్లని గుర్తుపెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? అందుకని ఆ ఊరివాళ్ళు ఇంట్లోంచి బయటికొచ్చి, చేతిలో ఉన్న తాళం మీద బొత్తాం నొక్కుతారు. ఏ కారు దీపాలు వెలిగి ఆరితే అదే తమదన్నమాట. ఎక్కి వెళ్ళిపోతారు.

మే నెలలో ఆ మంగళవారం పొద్దున హార్ట్‌విగ్ కోల్బె కూడా అదే చేశాడు. బొత్తాం నొక్కాడు, చెట్టు కింద ఉన్న కారు కన్ను కొట్టింది, ఎక్కాడు. తొమ్మిదిన్నరకల్లా ఆ కారుని ఫ్యాక్టరీ యార్డులో అప్పజెప్పి కొత్తది తీసుకోవాలి. బెల్టు పెట్టుకుంటూ పక్కకి చూసినవాడు అలాగే ఉండిపోయాడు.

పక్క సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది.

అతని భార్య అన్నెగ్రెట్ పొట్టి మనిషి. కారెక్కగానే సీటు కింద చెయ్యి పెట్టి, మోకాళ్ళు ముందున్న డాష్‌బోర్డుకి తగులుతాయేమో అన్నంత దగ్గరికి లాక్కునేది. "ఎందుకే అంత ముందుకి?" అని అతను ప్రతిసారీ అడిగేవాడు. "రోడ్డు నువ్వొక్కడివే చూస్తే చాలా? నాకు కనబడొద్దూ?" అని ఆవిడ ప్రతిసారీ అనేది. జనవరిలో చనిపోయింది. బట్టలు వాళ్ళ అక్క పట్టుకుపోయింది. మందులు అతనే పారేశాడు. ఆవిడ వదిలినట్టే ఉన్నది ఈ సీటొక్కటే. నాలుగు నెలలుగా అందులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు, కూరల సంచీ కూడా వెనకే పెట్టేవాడు. ఇవాళ అది కూడా పోతుందని తెలుసు. పోయేముందు ఒక్కసారి చేత్తో తడిమి ఇచ్చేద్దామనుకున్నాడు. ఆ మాత్రం ఆశ కూడా ఎవరో తన్నుకుపోయారు.

ఎవరు జరిపారు? ఇంట్లో ఇంకో మనిషి లేడు. నిన్న తనే లోపలంతా దుమ్ము పీల్చే యంత్రంతో శుభ్రం చేశాడు. సీటు కింద తుడవడానికి తనే జరిపాడా? జరపలేదు, చుట్టూ తుడిచి వదిలేశాడు. ఖాయంగా వదిలేశాడా? ఆలోచించినకొద్దీ నిన్నటి సంగతి మొన్నటిలో కలిసిపోయింది. ఇంటావిడ పోయాక కొన్నాళ్ళు మతిమరుపు ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు. బండి కదిలించగానే రేడియోలో అకార్డియన్ మోగింది. జన్మలో తను అలాంటి పాటలు పెట్టుకోలేదు. పైగా ఎక్కడో పిప్పరమెంటు వాసన. "నాకు పిచ్చెక్కుతోందా?" అని పైకే అనేసుకున్నాడు.

వీధి చివర బండి ఆపి, ఒంగి సీటుని ముందుకి లాగబోయాడు. లాగి మధ్యలో ఆగిపోయాడు. ఎంత ముందుకి? ఇంతా? ఇంకాస్తా? నలభై ఒక్క ఏళ్ళు పక్కన కూచోబెట్టుకుని తిప్పిన మనిషి ఎక్కడ కూర్చునేదో తనకి తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సీటుని మళ్ళీ వెనక్కి తోసేశాడు.

కాలవ పక్క రోడ్డెక్కగానే ఫ్యాక్టరీ పొగగొట్టాలు నాలుగూ కనబడ్డాయి. హార్ట్‌విగ్ తండ్రి యుద్ధం అయిపోయాక తూర్పు నించి ఒక్క దుప్పటితో ఈ ఊరొచ్చాడు. అప్పుడు ఫ్యాక్టరీ ఇంగ్లీషు దొరల చేతిలో ఉండేది, సగం కప్పు ఎగిరిపోయి ఉండేది. ఆయన ఆ గుండ్రటి వీపు కార్లకి చక్రాలు బిగించాడు. పదిలక్షలవ కారు బయటికొచ్చిన రోజున గుంపులో నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ప్రపంచంలో ఏ మూలకెళ్ళినా ఆ కారు కనబడేది. ఎవరైనా "ఏ ఊరు మీది?" అని అడిగితే, ఊరి పేరు చెప్పగానే అవతలివాళ్ళు నవ్వి "ఓహో, ఆ కారు ఊరా!" అనేవాళ్ళు. అంతకుముందు, యుద్ధకాలంలో, ఆ హాళ్ళలో ఎవర్ని బలవంతంగా తెచ్చి పనిచేయించారో మాత్రం తండ్రి చెప్పలేదు. హార్ట్‌విగ్‌కి అది నలభై దాటాక పుస్తకాల్లో తెలిసింది.

తర్వాత, కార్లు వదిలే పొగని ఫ్యాక్టరీ తక్కువ చేసి చూపించిన మోసం బయటపడిన సంవత్సరం వచ్చింది. ఆ ఏడు సెలవులకి కొండ ప్రాంతానికెళ్తే, అక్కడ హోటలాయన బండి నంబరు మీద ఊరి అక్షరాలు చూసి, "మీ కారు నా గుమ్మంలో ఆపకండి, పువ్వులు వాడిపోతాయి" అని పరాచికాలాడాడు. హార్ట్‌విగ్‌కి అన్నం సహించలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు తలుపులు బిగించిన చేతులివి, ఆ తలుపుల్లో ఒక్కటీ వంకరగా పడలేదు. మరి తనకెందుకు సిగ్గు? "కారు బాగుంటే నేను చేశానంటావు, మోసం బయటపడితే పై అంతస్తు వాళ్ళు చేశారంటావు. ఏదో ఒకటి తేల్చుకో," అని అన్నెగ్రెట్ దెప్పింది. అతను ఇంతవరకూ తేల్చుకోలేదు. ఆ ఫ్యాక్టరీ మాటెత్తితే ఇప్పటికీ గర్వం ఒకవైపూ సిగ్గు ఒకవైపూ లాగుతాయి, మధ్యలో తనేం అనాలో తోచదు.

యార్డులో కార్లు తనిఖీ చేసే కార్మెలా కాగితం పట్టుకుని ఎదురొచ్చింది. ఆమె తాత ఇటలీ నించి రైలెక్కి వచ్చి ఈ ఫ్యాక్టరీలోనే రంగులు వేశాడు. ఆమె నంబరు పలక చూసింది, కాగితం చూసింది, మళ్ళీ పలక చూసింది.

"కోల్బె గారూ, ఇది మీ కారు కాదండీ."

"నా కారు కాకపోతే నా తాళానికెలా తెరుచుకుంటుందమ్మా?"

"తాళం కూడా మీది కాదన్నమాట," అని ఆమె చేతిలో యంత్రం మీద నంబరు కొట్టి చూసి నవ్వింది. "డెట్లెఫ్ బ్రాండెస్ పేరు మీదుంది. మీకు తెలుసా ఆయన?"

తెలియకపోవడమేమిటి. పక్కింటివాడు. ఇద్దరూ ఒకే హాల్లో పనిచేశారు. నిన్న సాయంత్రం వాళ్ళింట్లోనే కాఫీ తాగాడు, వాడి భార్య రోస్విత చేసిన రుబార్బ్ కేకు తిన్నాడు. కేకు పళ్ళెం పక్కన రెండు తాళాలు పడున్నాయి, రెండూ ఒకటే తీరు. లేచి వచ్చేటప్పుడు చేతికందింది పట్టుకొచ్చాడు.

"సిగ్గుపడకండి, ఈ నెలలో మీరు నాలుగోవారు," అంది కార్మెలా. "పోయిన వారం ఒకాయన వియ్యంకుడి బండి అప్పజెప్పి, కొత్తది కూడా పట్టుకుపోయాడు. పన్నెండు లోపల మీ బండి తెచ్చేయండి, నేనిక్కడే ఉంటాను. ఇదిగో, మీ నంబరున్న కాగితం దగ్గరుంచుకోండి."

హార్ట్‌విగ్‌కి ప్రాణం లేచొచ్చింది. మతి పోలేదు, సీటు తను జరపలేదు, అసలు ఇది అన్నెగ్రెట్ సీటే కాదు. ఆ ఆనందం పది అడుగులు నడిచేవరకే నిలిచింది. తన తాళం ఇప్పుడు డెట్లెఫ్ దగ్గరుంది. డెట్లెఫ్ ఈపాటికి రోస్వితని మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉంటాడు. నిన్న కాఫీ దగ్గర ఆ మాటే చెప్పుకున్నారు. రోస్విత నిండైన మనిషి, ఎడమ మోకాలు వంగదు. ఏ కారెక్కినా మొదటి పని సీటుని చివరిదాకా వెనక్కి తొయ్యడమే. ఈ బండిలో సీటు అలా ఉందంటే అందుకే కదా!

డెట్లెఫ్‌కి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఫోనుని ఇంట్లో సొరుగులో పడేసి తిరిగే మహానుభావుడు వాడు. బండి తిప్పుకుని డాక్టరు దగ్గరికి పోయాడు.

అక్కడ కథ మళ్ళీ మొదటికొచ్చింది. డాక్టరు ఇంటి ముందు వరసగా పదకొండు బూడిద రంగు కార్లు. అలవాటు కొద్దీ బొత్తాం నొక్కాడు, తను దిగిన కారే వెనకనించి కన్ను కొట్టింది. తన చేతిలోని తాళం చెప్తే తన కారు వినదు. ఇంక చేసేదేముంది, ఒక్కో కారు దగ్గరికీ పోయి అద్దానికి మొహం ఆనించి పక్క సీటు చూడ్డం మొదలెట్టాడు. ఒకదాంట్లో పిల్లల సీటు. ఒకదాంట్లో కుక్క ఉంది, మొరిగింది. నాలుగోదాని దగ్గర పైనించి ఎవరో ముసలావిడ కిటికీ తీసింది.

"ఏయ్, ఎవరు నువ్వు? కార్లలో తొంగి చూస్తావేం?"

"నా కారు వెతుక్కుంటున్నానమ్మా!"

"బొత్తాం నొక్కుకోవయ్యా!"

"నా దగ్గరున్నది నా బొత్తాం కాదు!"

ఆవిడ ఒక క్షణం చూసి, ఏమనుకుందో ఏమో, కిటికీ మూసేసుకుంది.

ఎనిమిదో కారు దగ్గర ఆగిపోయాడు. పక్క సీటు ముందుకి జరిగి ఉంది. ఎంత ముందుకంటే, మనిషన్నవాడు అక్కడ కూర్చోలేడనిపించేంత. కాగితం తీసి నంబరు చూశాడు. తనదే. మళ్ళీ చూశాడు. తనదే. మరి రోస్విత ఎలా వచ్చినట్టు? నడిచొచ్చిందా? అసలు రాలేదా? డెట్లెఫ్ ఒక్కడే వచ్చాడనుకుందామంటే మోకాలు వాడిది కాదే! ఏమీ పాలుపోక, అద్దం మీద రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడ్డాడు.

"ఒరేయ్, నా కారు దొంగా!"

డెట్లెఫ్ మెట్ల మీద నించి అరుస్తున్నాడు. వెనకే కర్ర పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతూ రోస్విత వస్తోంది. ఆమె దగ్గరికొచ్చేసరికి పిప్పరమెంటు వాసన కూడా వచ్చింది.

"నువ్వు ఈ నా బండిలోనే వచ్చావా?" అన్నాడు హార్ట్‌విగ్, ఆమెని చూస్తూ.

"ఇందులో కాక ఎందులో వస్తాను?"

"మరి సీటు..."

"వెనకాల కూర్చున్నానయ్యా. కాలు బారజాపుకుని, సీటంతా ఆక్రమించుకుని వచ్చాను."

డెట్లెఫ్ నోరు తెరిచాడు. "అదా! నేనింకా అలిగి వెనక్కెక్కావనుకున్నా! దారంతా నోరెత్తకుండా టాక్సీవాడిలా తోలాను కదే. పొద్దున ఫ్యాక్టరీ క్యాంటీన్లో అమ్మే సాసేజి ఆఖరిది నేను తినేశాననేమో అనుకున్నాను."

"అది తిన్నందుకు విడిగా అలుగుతాను, ఆగు."

"మరి చెప్పొచ్చుగా, ఇది మన బండి కాదని!"

"చెప్తే నువ్వు వెనక్కి తిప్పుతావు. డాక్టరు టైము ఇంకో మూడు నెలలకిగానీ దొరకదు." రోస్విత కర్ర చెయ్యి మార్చుకుని హార్ట్‌విగ్ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "తలుపు తియ్యగానే తెలిసింది, నాయనా. ఈ వీధిలో సీటుని అంత ముందుకి లాక్కునే మనిషి ఇంకెవరున్నారు? అది అన్నెగ్రెట్ సీటు. దాన్ని నేనెలా జరుపుతాను?"

నాలుగు నెలలుగా ఆ సీటు సంగతి తనొక్కడికే తెలుసనుకున్నాడు హార్ట్‌విగ్. ఎవరికైనా చెప్తే నవ్వుతారని భయపడ్డాడు కూడా. ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

తాళాలు మార్చుకున్నారు. డెట్లెఫ్ తన బండిలో వెనకాల వస్తానన్నాడు. రోస్విత మాత్రం హార్ట్‌విగ్ కారులోనే, మళ్ళీ వెనక సీట్లోనే కూర్చుంది. బండి మళ్ళీ కాలవ పక్క రోడ్డెక్కింది. పక్కన ఖాళీ సీటు, అన్నెగ్రెట్‌కి రోడ్డు కనబడేంత ముందుకి జరిగి, అలాగే ఉంది.

యార్డులో కార్మెలా ఈసారి నంబరు చూసి బొటనవేలెత్తింది. చుట్టూ తిరిగి గీతలున్నాయేమో చూసింది, చక్రాలు చూసింది. తర్వాత పక్క తలుపు తీసి, "ఇదేమిటి, ఇంత ముందుకుంది? కింద తివాచీ చూడాలి, వెనక్కి తొయ్యాలి," అంటూ ఒంగింది.

"నువ్వు ముట్టుకోకమ్మా," అన్నాడు హార్ట్‌విగ్. గట్టిగా వచ్చిందా మాట. "నేను జరుపుతాను."

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సీటు మీద ఒకసారి చెయ్యి ఆనించి రాశాడు. తర్వాత కింద కడ్డీ పైకెత్తి నెమ్మదిగా తోశాడు. టక్. ప్రతి ఏడూ కొత్త కారు తీసుకున్నప్పుడు తను కాగితాల్లో తల దూర్చి ఉంటే, పక్కనించి వినబడిన చప్పుడిదే. ముప్ఫై ఒక్క కార్లలో విన్నాడు. ఒక్కసారీ లెక్కపెట్టలేదు. టక్. రెండు. ఇప్పుడు పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఏడో దానికి సీటు చివరికెళ్ళి ఆగిపోయింది.

"ఏడు," అన్నాడు. ఎవరికి చెప్పాడో అతనికే తెలియదు. లేచి కళ్ళు తుడుచుకున్నాడు.

కొత్త కారు పక్కనే సిద్ధంగా ఉంది. అదీ బూడిద రంగుదే. సీట్ల మీద పలచటి ప్లాస్టిక్ ఇంకా తియ్యలేదు. పక్క సీటు ఫ్యాక్టరీ నించి వచ్చినట్టే చివరిదాకా వెనక్కి ఉంది. కార్మెలా సంతకానికి కాగితాలు చాపింది. హార్ట్‌విగ్ వాటిని అందుకోలేదు. పక్క తలుపు తీసి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?" అన్నాడు అప్పుడే వచ్చిన డెట్లెఫ్.

"నువ్వు కాసేపు నోరు మూసుకో," అంది రోస్విత.

టక్. ఒకటి. టక్. రెండు. ఏడు లెక్కపెట్టి కడ్డీ వదిలేశాడు. సీటుని ఒకసారి కదిపి చూశాడు, కదల్లేదు.

రోస్విత కొత్త కారు వెనక తలుపు తీసి, కర్రని ముందుగా లోపల పడేసి, ఎక్కి కూర్చుంది.