గంధమా, చిలకపచ్చా?

పెయింటర్ రియాజ్ లక్ష్మీకాంతం గది గోడ మీద రెండు రంగులు పలకంత మేర పూసి చూపించాడు. ఎడమవైపు గంధం రంగు, కుడివైపు లేత చిలకపచ్చ.

మాధురి అత్తగారు లక్ష్మీకాంతాన్ని భుజం పట్టి గోడ ముందు నిలబెట్టింది. నీటికాసుల జబ్బుతో ఆవిడ ఎడమకన్ను నిరుడే పోయింది. కుడికంటిలో మిగిలిన చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు గుంటూరు డాక్టరు. వారం నుంచి ఆవిడ మజ్జిగ గ్లాసు పెట్టిన చోట కాక పక్కన తడుముతోంది. ఈ రెండింటికీ తేడా చెబితే చాలు, ఆ కన్ను ఇంకా ఉన్నట్టే అనుకుంది మాధురి. గదికి రంగుల పని పెట్టింది అందుకే. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

“ఏది బాగుందత్తయ్యా?”

లక్ష్మీకాంతం నరసరావుపేటలో ముప్పై ఏళ్లు మ్యాచింగ్ సెంటర్ నడిపిన మనిషి. చీర అంచు ఒక్కసారి చూసి, అరల్లోంచి సరిపోయే జాకెట్టు ముక్క లాగేది.

“ఏమే, లైటు కింద రంగు ఎంచేదేంది? ఇంటికి పోయినాక ఏడవటానికా? ఎండలో చూపియ్యి,” అంది, కొట్టుకొచ్చిన ఆడవాళ్లకు చెప్పినట్టే.

“గోడను ఎండలోకి ఎట్టా తెచ్చేదమ్మా?” రియాజ్ నవ్వాడు.

“చానా తెలివిగలోడివిలే. అట్టముక్కల మీద పుయ్యి.”

పూసి, ఆరాక ఇచ్చాడు. మాధురి ఆవిడను చెయ్యి పట్టుకుని వసారా దాటించి, వాకిట్లో నాపరాళ్ల మీద నిలబెట్టింది. మిట్టమధ్యాహ్నం. ఎండకు మెరుస్తున్న ఎదురింటి రేకుల వంక చూడలేకపోతోంది మాధురి.

లక్ష్మీకాంతం అట్టలు రెండూ ముఖం దగ్గరకు తెచ్చుకుంది. కొట్లో చేసినట్టే పక్కపక్కన పెట్టి, కాస్త వాల్చి చూసింది. పెదవి విరిచింది.

“ఎండలోకి తీసుకుపోవే అంటే ఇంకా వసారాలోనే నిలబెట్టావేంది?”



“మబ్బేసిందత్తయ్యా,” అంది మాధురి.

“మబ్బా?”

 లక్ష్మీకాంతం అట్టలను మెల్లగా కిందికి దించింది. ఒక కాలు ఎత్తి రెండో పాదం మీద పెట్టుకుంది.

లోపలి నుంచి రియాజ్ కేకేశాడు. “అమ్మా, ఏ డబ్బా మూత తియ్యమంటారు?”

“ఏదో ఒకటి తియ్యమను,” అంది లక్ష్మీకాంతం, మాధురి చేతి కోసం తడుముకుంటూ. “ముందు నన్ను లోపలికి తీసుకుపో. కాళ్లు కాలతన్నయ్.”