గంటలోపు దూరం

మా కంపెనీలో పని చాలా తేలిక. ఏ రెండు ఊళ్ల పేర్లు ఇచ్చినా, వాటి మధ్య విమానం ఎంతసేపట్లో వెళ్తుందో చెప్పే పేజీ రాసి ఇంటర్నెట్‌లో పెట్టాలి. పటం మీద రెండు చుక్కలు కలిపి, ఆ గీత పొడవును విమానం వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపితే సరి. అసలు ఆ ఊళ్లలో విమానాశ్రయం ఉందా అని అడిగే గడి మా ఫారంలో లేదు. చేరిన కొత్తలో ఆ మాటే మా యజమానిని అడిగాను. ఊళ్లున్నాయి కదా, ఇంకో వంద రాయమన్నాడు. ఏది అడిగినా ఆయన జవాబు అదే కాబట్టి ఆఫీసులో ఆయన పేరు 'ఇంకోవంద'.

అలా ఆరేళ్లలో బస్సు కూడా ఆగని ఊళ్లకు విమానాలు దింపాను. ఎవరు చదవొచ్చారులే అనుకున్నాను.

చదివేవాళ్లు మా ఆవిడ ఆఫీసులోనే ఉన్నారు. ఆవిడ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఉన్నట్టుండి ఆవిడని కొండల అవతలి ఊరికి బదిలీ చేశారు. బస్సులో పద్నాలుగు గంటలు. మా మూడేళ్ల పాపకేమో నా భుజం మీద తప్ప నిద్ర పట్టదు. భార్యాభర్తల్ని విడదీయకూడదని ఆ శాఖలో రూలుంది. అయితే విమానంలో గంటలోపు దూరమైతే విడదీసినట్టు కాదట. ఆ రూలు రాసిన మహానుభావుడు బస్సు మొహం చూసి ఉండడు.

మా ఆవిడ అర్జీ పెట్టుకుంది. పై అధికారి మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా, ఇంటర్నెట్‌లోంచి అచ్చు తీసిన ఒక కాగితం ముందుకు తోశాడు. ఆ రెండు ఊళ్ల మధ్య విమాన ప్రయాణం యాభై రెండు నిమిషాలు. అక్షరం అక్షరం నాదే. మా ఆవిడ కాగితం చదివి నా వంక చూసింది. తూకంలో దొరికిపోయిన కొట్టువాళ్లని అలాగే చూస్తుంది కాబోలు.

సిగ్గు విడిచి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ పేజీ రాసింది నేనే, ఆ ఊళ్లో విమానాశ్రయమే లేదు. పేజీ సరిచేసి తెస్తే చూద్దామన్నాడు అధికారి.

ఇంకోవంద కాళ్లావేళ్లా పడ్డాను. ఒక పేజీ దిద్దే లోపు నాలుగు కొత్తవి రాయొచ్చని గొణిగి, చివరికి ఒప్పుకున్నాడు. యాభై రెండు చెరిపేసి, 'ఈ ఊళ్ల మధ్య విమానం లేదు' అని రాశాను. ఆరేళ్లలో నేను రాసిన మొదటి నిజం అదే.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం పట్టుకెళ్లాం. అధికారి తన ఫారం తీసి, 'విమాన ప్రయాణ సమయం, నిమిషాల్లో' అన్న గడి దగ్గర ఆగాడు. కాసేపు కలం కొరికాడు.

"విమానం లేదంటే, సమయమూ లేనట్టేగా" అంటూ అందులో సున్నా చుట్టాడు. "సున్నా అంటే గంటలోపే కదమ్మా. నిన్నటికంటే ఇంకా దగ్గరయ్యారు. నిశ్చింతగా వెళ్లి చేరండి."

పదేళ్లుగా కొలతలు సరిచూసే మా ఆవిడ ఆ ఫారాన్ని తన వైపు తిప్పుకుని, ఆ సున్నాని రెండుసార్లు సరిచూసింది.

ఆదివారం వాళ్లిద్దర్నీ బస్సెక్కించాను. నువ్వెప్పుడొస్తావు నాన్నా అని పాప కిటికీలోంచి అడిగింది. ఊరికీ ఊరికీ మధ్య నిమిషాలు లెక్కగట్టి చెప్పినవాణ్ణి, దానికి చెప్పడానికి నా దగ్గర ఒక్క అంకె లేదు.

మా ఆవిడే పాపని ఒళ్లోకి లాక్కుంది.

"పడుకో తల్లీ. మనకీ నాన్నకీ మధ్య సున్నా నిమిషాలే."