ఖాళీ లేదని రాసిన గది

ఆ విశ్వవిద్యాలయంలో ఏ గది ఎవరిదో, ఏది ఎప్పుడు ఖాళీ అవుతుందో, ఏ కిటికీ సరిగ్గా మూసుకోదో చెప్పాలంటే ఆయనే చెప్పాలి. గదుల కేటాయింపు విభాగంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తూ సూపరింటెండెంటు దాకా వచ్చాడు. ఆచార్యుల నుంచి తోటమాలి దాకా అందరికీ ఆయన గదులసారే. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని పక్కకి తప్పుకునేవాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆఫీసంతా క్యాంటీనుకి వెళ్తే, గదులసారు మాత్రం వెనకున్న రికార్డు గదిలోకి వెళ్ళేవాడు. ఇనప బీరువాల మధ్య ఒక మనిషి వంగి లేవడానికి సరిపడా నేల ఉంది. పాత దస్త్రాల వెనక దాచిన గుడ్డ తీసి పరిచి, నమాజు చేసుకుని, మళ్ళీ మడిచి దాచేసేవాడు. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టని పని. ఆ గది గడియ ఎప్పుడో ఊడిపోయింది. క్యాంపస్‌లో వందల గడియలు వేయించిన మనిషి ఆ ఒక్క గడియ గురించి ఎవరికీ చెప్పలేదు, లోపల్నుంచి గడియ ఎందుకండీ అని అడుగుతారని. బయట అటెండరు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఎవరొచ్చినా "సారు ఫైలు వెతుకుతున్నారు" అనేవాడు. ఇంతకాలంలో ఆ సంగతి వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నిజానికి ఆయన్ని వద్దన్నవాళ్ళెవరూ లేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పై అధికారి భుజం తట్టి, "మీరు వాళ్ళలా అనిపించరండీ, మనలో కలిసిపోయారు" అన్నాడు. అప్పటి గదులసారు దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. ఆ మెచ్చుకోలు చేజారిపోకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు.

వానాకాలం మొదట్లో ముగ్గురు విద్యార్థులు ఆయన బల్ల ముందుకి వచ్చారు. ముందున్నది రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్న పొడుగాటి అమ్మాయి, తలకి ముదురాకుపచ్చ స్కార్ఫు. ఆమె వెనక ఒక కళ్ళజోడు కుర్రాడు. అతను మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. ఇంకొక అమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయింది.

కళ్ళజోడు కుర్రాడు ఆయన్ని చూడగానే మొహం విప్పార్చి, "అస్సలాము అలైకుమ్ సార్" అన్నాడు.

పక్క బల్ల దగ్గర సీనియర్ అసిస్టెంటు తలెత్తి చూసింది. ఆమె మనసులో ఏమీ లేదు, ఎవరొచ్చారా అని చూసిందంతే. అయినా గదులసారుకి చెవులు వేడెక్కాయి.

"ఊఁ, చెప్పండి, ఏం కావాలి?" అన్నాడు.

కుర్రాడి మొహంలో వెలుగు కాస్త తగ్గింది. పొడుగమ్మాయి దరఖాస్తు బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం అరగంట, సాయంత్రం అరగంట నమాజుకి ఏదైనా ఒక గది వాడుకోనివ్వాలని, కింద ముప్ఫై ఒక్క సంతకాలు.

"ఇప్పుడు ప్రయోగశాలల భవనం వెనక మెట్ల మీద చేసుకుంటున్నాం సార్. అబ్బాయిలు సర్దుకుంటారు, మాకే కష్టం. ఎవరో ఒకరు కాపలా నిలబడాలి. వచ్చేపోయేవాళ్ళకీ ఇబ్బందే. బెంచీలూ ఫ్యానూ ఏమీ వద్దు సార్, ఖాళీ నేలుంటే చాలు."

ఆమె మాట్లాడుతున్నంతసేపూ గదులసారు కళ్ళ ముందు ఒకే గది మెదిలింది. పాత గణిత విభాగంలో మూడో అంతస్తు చివరి గది. రెండేళ్ళుగా ఎవరికీ పట్టని గది. చిన్న సంతకంతో అయిపోయే పని. కానీ ఆ సంతకం కింద ఉండేది తన పేరు. 'తనవాళ్ళు కదా, ఇవ్వకేం చేస్తాడు' అని ఎవరో ఒకరు అంటారు. ఎవరంటారని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు.

"ఖాళీ లేదమ్మా" అన్నాడు. దరఖాస్తు మీద కూడా అదే రాసి ఇచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. క్యాంపస్ మొత్తం కాళ్ళరిగేలా తిరిగినట్టుంది, చేతిలో కాగితం మీద పెన్సిలుతో గీసిన పటం ఉంది.

"పాత గణిత విభాగంలో పైన చివరి గది సార్. తాళం తుప్పు పట్టిపోయింది. ఎవరూ వాడట్లేదని కింద వాచ్‌మన్ చెప్పాడు."

గదులసారు పక్క బల్ల వైపు చూడనట్టు చూసి, "అది మరమ్మతులో ఉందమ్మా. పైకప్పు కారుతోంది" అన్నాడు.

"కారినా ఫరవాలేదు సార్, ఒక పక్కకి..."

"రూల్స్ ఒప్పుకోవు. రేపు ఎవరి నెత్తిన పెచ్చు పడితే నేను కదా జవాబు చెప్పాల్సింది?"

ఆమె వెళ్ళాక ఫైలు తెరిచి, 'సదరు గది మరమ్మతులో ఉన్నది' అని నోట్ రాసి సంతకం పెట్టాడు. ఆ గదిలో ఏనాడూ చుక్క నీరు కారలేదు. ఆ సంగతి ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒంటిగంటకి బీరువాల మధ్య గుడ్డ పరుచుకుని నిలబడితే కంఠతా వచ్చిన మాటలు సగంలో తప్పిపోయాయి. మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాడు.

మూడు వారాలకి అనుకోనిది జరిగింది. పొద్దుట్నుంచీ వాన. ప్రయోగశాలల భవనంలో లిఫ్టు పనిచేయడం లేదు. గాజు సీసాల పెట్టె ఎత్తుకుని ల్యాబ్ అటెండరు వెనక మెట్లు దిగుతున్నాడు. మలుపు దగ్గర ఏడెనిమిది మంది కుర్రాళ్ళు నమాజులో ఉన్నారు. విడిచిన బూట్లు పై మెట్టు మీద వరసగా ఉన్నాయి. తడి మెట్టు మీద కాలు బూటుకి తగిలి మనిషి పెట్టెతో సహా పడ్డాడు. మణికట్టు విరిగింది. అరచేతిలో గాజు దిగింది. నమాజు చేయిస్తున్న కళ్ళజోడు కుర్రాడే మధ్యలో వదిలేసి, తన చొక్కా విప్పి ఆ చేతికి చుట్టి, ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అయినా ఫిర్యాదు వెళ్ళింది. ముగ్గురు ఆచార్యులతో విచారణ కమిటీ వేశారు. పొడవాటి బల్లకి ఒక చివర కుర్రాడూ పొడుగమ్మాయీ కూర్చున్నారు, గదులసారుని ఇంకో చివర కూర్చోబెట్టారు.

"వీళ్ళు గది అడిగామంటున్నారు. నిజమేనా?" అని పెద్దాచార్యుడు అడిగాడు.

"నిజమేనండీ."

"మరి ఇవ్వడానికి ఏమీ లేదా?"

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఇంటికెళ్ళాక, ఆ తర్వాత ఎన్నో రోజులు, ఆ క్షణాన్ని ఆయన తిప్పి తిప్పి చూసుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. కానీ ఫైల్లో తన చేతిరాత కనబడుతోంది.

"లేదండీ. ఉన్న ఒక్కటీ మరమ్మతులో ఉంది."

దాంతో విషయం తేలిపోయింది. గది లేదని రాతపూర్వకంగా చెప్పినా వినకుండా దారికి అడ్డంగా చేరారని కమిటీ రాసింది. దరఖాస్తు మీద మొదటి సంతకం ఆమెది కాబట్టి పొడుగమ్మాయికి హెచ్చరిక లేఖ ఇచ్చారు. ముందు నిలబడి చేయించినవాడు కాబట్టి కళ్ళజోడు కుర్రాణ్ణి ఒక టర్ము పాటు హాస్టల్ నుంచి తీసేశారు. బయట గది చూసుకునే స్తోమత అతనికి లేదు. రెండు రోజులాగి, పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోయాడని ఆఫీసు అటెండరు చెప్పాడు. చెబుతూ ఆయన మొహంలోకి చూడలేదు.

ఆ మర్నాడు అటెండరు సెలవు పెట్టాడు. గదులసారు ఒంటిగంటకి యథాప్రకారం రికార్డు గదిలోకి వెళ్ళాడు. నుదురు నేలకి ఆనించి ఉండగా వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, ఒకరి ఊపిరి, తర్వాత తలుపు చాలా మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించాయి. ఎలా పూర్తి చేశాడో ఆయనకే తెలియదు. గుడ్డ మడవడం కూడా మరిచిపోయి బయటికి వచ్చాడు.

పొడుగమ్మాయి అటెండరు స్టూలు పక్కన నిలబడి ఉంది.

"కమిటీ తీర్పు నకలు కావాలి సార్" అంది.

"ఇస్తానమ్మా."

"తొందరేం లేదు. మీది పూర్తయ్యేదాకా ఎవరూ రాకుండా చూశాను."

గదులసారుకి తల కొట్టేసినట్టయింది. బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం వెతికాడు. ఆమె తిడితే బాగుండును, లేదా ఎందుకిలా చేశారని నిలదీస్తే బాగుండును. ఆమె నకలు తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్ళబోతూ ఆగి, "ఊరెళ్ళిపోయినవాడు మీ గురించే అనేవాడు సార్. మన సారున్నారుగా, ఏదో ఒకటి చేస్తారని" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని ఆయన భార్యకి మొత్తం చెప్పాడు. ఆమె బట్టలు మడతపెడుతూ వింది. ఆయన చెప్పడం అయ్యాక కూడా రెండు చొక్కాలు మడతపెట్టింది.

"నేనేం చెడు తలపెట్టలేదు. భయపడ్డానంతే" అన్నాడాయన.

"భయపడ్డానని దేవుడికి చెప్పుకోండి, ఆయన చూసుకుంటాడు. అబద్ధం రాశానని మాత్రం ఆఫీసులో చెప్పాలి. అది అక్కడి లెక్క."

"ఉద్యోగానికే ముప్పు రావచ్చు."

"ఆ పిల్లాడు పెట్టె సర్దుకున్నప్పుడు వాళ్ళమ్మకి ఏం చెప్పుకున్నాడో మరి" అంది ఆమె, ఇంకో చొక్కా అందుకుంటూ.

మర్నాడు పొద్దున్నే రిజిస్ట్రారు దగ్గరికి ఉత్తరం పట్టుకెళ్ళాడు. ఆ గది మొదట్నుంచీ ఖాళీగానే ఉందని, మరమ్మతన్నది తను కల్పించి రాశాడని, కమిటీ ముందు కూడా అబద్ధమే చెప్పాడని అందులో ఉంది. రిజిస్ట్రారు రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఎందుకండీ ఇదంతా? ఫైలు మూసేశాం. ఇప్పుడు దీన్ని తీసుకుంటే మీమీద చర్య తీసుకోవాలి. వెనక్కి తీసుకెళ్ళండి, నేను చూడలేదనుకుంటాను."

"తీసుకోండి సార్."

"అసలు మీరే ఇలా ఎందుకు చేశారో నాకర్థం కావట్లేదు. మీరు కాదంటారని ఎవరూ అనుకోరు కదా."

"అందుకే చేశాను సార్" అన్నాడు గదులసారు.

ఆయన్ని స్టోర్స్ విభాగానికి మార్చారు, సర్వీసు పుస్తకంలో మందలింపు రాశారు. తను చేసినదానికి అది మరీ తక్కువనిపించింది. పొడుగమ్మాయి హెచ్చరిక లేఖనీ కుర్రాడి మీద చర్యనీ రద్దు చేశారు. మూడో అంతస్తు చివరి గది తాళం పగలగొట్టి తెరిచారు. సీనియర్ అసిస్టెంటు స్టోర్స్ దాకా వచ్చి, "నాకు చెబితే నేనే ఆ దరఖాస్తు పై అధికారికి పెట్టించేదాన్నిగా, మీ సంతకంతో పనేముంది?" అని నొచ్చుకుంది. ఇన్నేళ్ళూ తను భయపడింది ఈమె చూపుకేనా అనుకుని ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు.

ల్యాబ్ అటెండర్ని చూడ్డానికి ఇంటికి వెళితే అతను కట్టు కట్టిన చేత్తోనే కుర్చీ లాగబోయాడు.

"మీరేం చేశారండీ, జారింది నేను. పాపం ఆ పిల్లాడి చొక్కా ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. ఉతికి పెట్టాను, ఎక్కడికి పంపాలో తెలీదు" అన్నాడు.

చొక్కా తీసుకుని, హాస్టల్ పుస్తకంలో ఫోను నంబరు వెతికి, ఆదివారం గదులసారు ఫోన్ చేశాడు. కుర్రాడి తండ్రి ఎత్తాడు. తనెవరో చెప్పగానే అవతలి గొంతు మారిపోయింది.

"మీరా సార్? చర్య రద్దు చేశామని ఉత్తరం వచ్చింది. మీరు పట్టుబట్టి రాయబట్టే మావాడి మీద మచ్చ పోయిందని దరఖాస్తు పెట్టిన అమ్మాయి చెప్పింది. మీ మేలు మర్చిపోలేం."

గదులసారు ఫోను చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగాడు. ఆ అమ్మాయి సగమే చెప్పింది. మిగతా సగం ఆయనకే వదిలేసింది. కృతజ్ఞత తీసుకుని ఫోను పెట్టేస్తే ఎవరికీ తెలియదు.

"ఆ మచ్చ వేసింది నేనేనండీ" అన్నాడు.

మొత్తం చెప్పాడు, దరఖాస్తు దగ్గర్నుంచి కమిటీ దాకా. అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. అది ఆగిపోయింది.

తండ్రి అన్నాడు. "వాడు ఇక్కడి కాలేజీలో చేరిపోయాడండీ. మళ్ళీ అక్కడికి రానంటున్నాడు. ఎందుకురా అంటే చెప్పడు."

"ఒకసారి అతనితో మాట్లాడచ్చా?"

"అడిగి చెప్తాను." రిసీవర్ పక్కన పెట్టిన శబ్దం. దూరంగా రెండు గొంతులు, మాటలు స్పష్టంగా లేవు. గదులసారు నిలబడే ఉన్నాడు. భార్య కుర్చీ తెచ్చి వెనక పెట్టినా కూర్చోలేదు.

"ఇప్పుడొద్దంటున్నాడండీ" అన్నాడు తండ్రి తిరిగొచ్చి. గొంతులో కోపం లేదు, ఇందాకటి చనువూ లేదు. "ఏం అనుకోకండి."

"అనుకోవడానికి నాకేముందండీ. చొక్కా ఒకటి ఉంది, పంపిస్తాను. చిరునామా చెప్పండి."

తండ్రి ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పాడు, గదులసారు రాసుకున్నాడు. రాసింది సరిగ్గా ఉందో లేదో రెండోసారి చదివి వినిపించాడు.