దాచినవాడూ దొంగే

ఆ గొంతు ఊరంతటికీ తెలుసు. బట్టల దుకాణాల డిస్కౌంట్లు, కరెంటు కోతలు, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు, అన్నీ ఆ గొంతులోనే మైకు బండి మీద వీధులు తిరిగేవి. అందుకే ఆమెను అందరూ మైకక్క అంటారు. మహమ్మారి వచ్చాక ప్రచారం ఆఫీసరు ఆమెను పిలిపించి చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"దొంగ వచ్చాడు! మీ ఇంట్లోనే నక్కి ఉంటాడు! దాచినవాడూ దొంగే! పట్టివ్వండి!"

"ఇదేంటి సార్, జ్వరమొచ్చినవాళ్ళని దొంగలంటామా?" అని అడిగింది మైకక్క.

"జ్వరమంటే జనం చెవికెక్కదమ్మా. దొంగ అంటే ఉలిక్కిపడతారు. చదివి రికార్డు చెయ్యి, బండి మీద వేస్తాం," అన్నాడు ఆ మహానుభావుడు, ఏసీ కింద కూర్చుని.

ఉలిక్కిపడ్డారు, పడక ఏం చేస్తారు! దగ్గినవాడి గుమ్మానికి బయటినుంచి తాళాలు పడ్డాయి. మైకక్క ఇంటి ఎదురు మేడమీద మాస్టారైతే పొద్దస్తమానం బాల్కనీలో కాపలా. ఎవరింటి ముందు అంబులెన్సు ఆగినా "దొరికాడ్రా దొంగ!" అని కేకేసి, వీడియో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. రిటైరయ్యాక దొరికిన ఉద్యోగం మరి!

మైకక్క ఇంట్లో ఆమే, అత్తగారూ ఇద్దరే. ఒకరోజు పొద్దున కాఫీ తీసుకుని వెళ్తే అత్తగారి గదికి లోపలినుంచి గడియ.

"నాకొద్దే. తలనొప్పి. కాసేపు... పడుకోనీ."

ఆ నాలుగు మాటలకే ఆవిడకు ఊపిరి చాలడం లేదు. మైకక్క గ్లాసు కింద పెట్టి భుజంతో ఒక్క తోపు తోసింది. పాత గడియ ఊడిపోయింది.

అత్తగారు గోడవైపు తిరిగి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఉంది. దగ్గు బయటికి వినపడకుండా! పెదాలు నల్లబడ్డాయి.

"ఎప్పట్నుంచి అత్తయ్యా? నాకు చెప్పొద్దూ?"

"నువ్వేగా అన్నావు... దాచినవాళ్ళూ దొంగలేనని. నీకు చెప్తే నువ్వు దాస్తావు. నిన్ను కూడా... అంటారే తల్లీ."

ఏడుపు రావలసిన చోట మైకక్కకు కడుపు మండిపోయింది. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది.

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ గుమ్మం దాటిందో లేదో, మేడమీద మాస్టారు ఫోను పైకెత్తాడు. "చూడండ్రా, మైకు ఇంట్లోనే దొంగ!" అని కేకేశాడు. ఖర్మ కాకపోతే, సరిగ్గా అప్పుడే మైకు బండి మలుపు తిరిగింది. "దాచినవాడూ దొంగే!" అని ఆమె గొంతే వీధంతా అరుస్తోంది. స్ట్రెచర్ మీద అత్తగారు, బతికున్న మనిషి, దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

అంతే. మైకక్క బండికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"ఆపరా ఆ దరిద్రాన్ని!"

"ఆఫీసరు గారు ఊరుకోరక్కా," అన్నాడు డ్రైవరు.

"ఆయన్ని నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతా!"

పెన్ డ్రైవ్ పీకి మురిక్కాలవలోకి విసిరింది. మైకు అందుకుంది. రోజూ పలికే తియ్యటి గొంతు కాదది.

"వినండి! ఇందాకటిది నా గొంతే, ఆ మాటలు మాత్రం నావి కావు. మా అత్తకి జ్వరమొచ్చింది. ఎవరి సొమ్మూ దోచుకోలేదు, ఎవరి కొంపా ముంచలేదు, జ్వరమొచ్చింది, అంతే! ఊపిరాడనివాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి, ఆసుపత్రికి పోదాం. నవ్వేవాళ్ళు నవ్వండి, సిగ్గులేని జన్మలు!"

మేడమీద ఫోను కిందికి దిగింది. కాసేపటికి మాస్టారు ఒంటి చెప్పుతో మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మాయ్... మా ఆవిడ. వెనక గదిలో ఉంది. పిలిస్తే సరిగ్గా పలకడం లేదు."

మైకక్క నోరు తెరుచుకుని చూసింది. "ఇంట్లో మనిషిని అలా పెట్టుకుని మా వీడియోలు తీశావా?"

"మా ఇంటివైపు ఎవరూ చూడకూడదని..."

చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకు. చెయ్యి లేచింది కూడా. కానీ అంబులెన్సు తలుపులు మూస్తున్నారు. మైకు ఆ చేతిలోనే ఉంది.

"ఆగండి!" అని అరిచింది. "ఇంకొకరున్నారు!"